గుమ్మాలాయన సొంత గుమ్మం

ఆ పేటలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. అందరూ గుమ్మాలాయన అనేవారు. ఇళ్ళ సర్వే ఆఫీసులో ఉద్యోగం. చంకలో అట్ట, చెవి మీద పెన్సిలు, జేబులో సుద్దముక్క. ఏ ఇంటి ముందు నిలబడినా మొదటి ప్రశ్న ఒకటే: "మీ గుమ్మం ఏది?"

మామూలు మనిషికి నాలుగు గోడలూ పైన కప్పూ ఉంటే చాలు, అది ఇల్లు. సర్వేవాళ్ళ దగ్గర ఆ పప్పులుడకవు. వీధిలోంచో, అందరూ నడిచే దారిలోంచో, ఇంకొకరి గదుల్లో అడుగు పెట్టకుండా నేరుగా లోపలికి వెళ్ళగలిగితేనే విడి ఇల్లు. వంట వేరుగా చేసుకుంటేనే విడి కుటుంబం. ఇంటిని గుమ్మం తేలుస్తుంది, కుటుంబాన్ని పొయ్యి తేలుస్తుంది. ఈ రెండు ముక్కలూ పట్టుకుని గుమ్మాలాయన పేటలో చాలామంది పరువు తీశాడు. పెరటివైపు మేడ లేపి కొడుకును వేరు పెట్టానని మురిసిపోతున్న వకీలుగారిని, "మీ వంటింట్లోంచి వెళ్ళాలి కదండీ, అది ఇల్లు కాదు, మీ ఇంట్లో గది" అని ఒక్క గీతతో నేల మీదికి దించేశాడు. మెట్ల కింద మంచం, పొయ్యి వేసుకుని బతుకుతున్న ఇస్త్రీ అతనికి మాత్రం, "నీ తలుపు నడవాలోకి తెరుచుకుంటోంది, నీది ఇల్లే" అని గోడ మీద సుద్దతో నంబరు వేసి వచ్చాడు. అప్పటి నుంచి ఇస్త్రీ అతను వకీలుగారి చొక్కాలు ఇచ్చేటప్పుడు కాస్త ఛాతీ విరుచుకుని నిలబడుతున్నాడని పేటలో చెప్పుకున్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. గుమ్మాలాయన రచ్చ గెలిచేశాడు. ఇంట గెలవడానికే దారి దొరకలేదు, ఎందుకంటే ఆయన ఇల్లరికపుటల్లుడు.

మామగారు వడ్రంగి. కింద ముందు గదే ఆయన పనిచోటు. మేడ మీద కూతురూ అల్లుడూ ఉండే గదికి మెట్లు ఆ పనిచోటు మూలలోంచే. పొద్దున దిగినా సాయంత్రం ఎక్కినా గుమ్మాలాయన రంపపు పొట్టు తొక్కుకుంటూ మామగారి ముందు నుంచి నడవాల్సిందే. మామగారు చిత్రిక పట్టే చెక్క మీద నుంచి తల ఎత్తేవారు కాదు. "ఏం అల్లుడుగారూ, ఇవాళ ఎవరి ఇల్లు ఇల్లు కాకుండా పోయింది?" అని మాత్రం అడిగేవారు. తలుపులు చేయించుకోవడానికి వచ్చి కూర్చున్నవాళ్ళు కిసుక్కున నవ్వేవారు. ఆ 'గారు'లో మర్యాద ఎంతో వెటకారం ఎంతో గుమ్మాలాయన ఇన్నేళ్ళలో కొలవలేకపోయాడు.

ఆ పనిచోటులోనే గోడకు అత్తగారి తండ్రి ఫోటో ఉండేది. బుర్రమీసాల పెద్దాయన. ఆయనా వడ్రంగే, ఆ ఇల్లు కట్టింది ఆయనే. మామగారు సాయంత్రం పని కట్టేశాక బల్ల మీదా కిటికీ మీదా పొట్టు అంతా దులిపేవారు. ఫోటో జోలికి మాత్రం వెళ్ళేవారు కాదు. మీసాల మీద పొట్టు అలా పేరుకుంటూనే ఉండేది.

సర్వే తిరిగి తిరిగి చివరికి సొంత వీధికి వచ్చింది. గుమ్మాలాయనకు రాత్రి అన్నం సహించలేదు. రూలు ప్రకారం రాస్తే ఏం రాయాలి? ఒక ఇల్లు, ఒక కుటుంబం. కుటుంబ పెద్ద మామగారు. పెద్దకు ఏమవుతారు అన్న గడిలో, తన పేరుకెదురుగా, తన చేత్తోనే 'అల్లుడు' అని రాసుకోవాలి. అక్కడితో ఊరుకుంటారా, అభ్యంతరాల కోసం ఆ జాబితాను ఆఫీసు గోడకు అంటిస్తారు. వకీలుగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చదువుతారు. ఊరందరి ఇళ్ళూ తేల్చినవాడికి సొంతంగా ఒక గుమ్మం లేదని పేటంతా పాకిపోతుంది. ఆ తలవంపు తప్పాలంటే ఒకటే మార్గం కనిపించింది. మేడ గదికి సందులోంచి విడిగా మెట్లు కట్టించుకోవాలి, పైన ఒక పొయ్యి పెట్టుకోవాలి. అప్పుడు ఇల్లు వేరు, కుటుంబం వేరు, పెద్ద తనే.

మామగారి దగ్గర నీళ్ళు నమిలాడు. మేడ గదికి గాలి చాలడం లేదనీ, సందు వైపు ఒక తలుపూ నాలుగు మెట్లూ ఉంటే బాగుంటుందనీ గొణిగాడు. మామగారు చిత్రిక పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూశారు. ఒక వెటకారం రావాలి, రాలేదు. అటక ఎక్కి, వెనక ఎక్కడో దాచిన చెక్కలు ఒక్కొక్కటే కిందికి దించారు. పాత చెక్క, బంగారంలా ఆరింది.

"గాలికేగా. కట్టేద్దాం," అన్నారు.

కట్టేశారు కూడా. అంత శ్రద్ధగా ఆయన ఇంకెవరికీ చేసి ఉండరు. మెట్ల అంచులు గుండ్రంగా నున్నగా తీశారు, తలుపుకు గడియ తనే బిగించారు. ఆ ఉత్సాహం చూస్తే గుమ్మాలాయనకు సంతోషం కన్నా భయమే ఎక్కువ వేసింది.

ఇల్లలకగానే పండగా? పొయ్యి ఉండగానే వంట అయిపోదు. భార్య కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. తనకు అద్దాలు బిగించడమే వచ్చనీ, సొంత కుటుంబం కావాలన్నవాళ్ళే పొయ్యి ముట్టించుకోవాలనీ తేల్చి చెప్పింది. గుమ్మాలాయన ముట్టించాడు. అన్నం జావ అయింది, కూర బొగ్గు అయింది. భార్య ఆ రెండింటినీ చూసి, లోపలి మెట్ల మీదుగా కిందికి వెళ్ళి, కాసేపటికి తృప్తిగా తేనుస్తూ వచ్చింది.

"ఎక్కడికెళ్ళావు?"

"మా పుట్టింటికి. పెళ్ళయినదాన్ని, అప్పుడప్పుడు పుట్టింటికి వెళ్ళకూడదా ఏమిటి?"

గుమ్మాలాయన కడుపు మాడ్చుకున్నాడు. పట్టుదల మనిషి. కానీ కింద అత్తగారు పోపు వేస్తే ఆ వాసనకు గుమ్మాలూ గోడలూ లెక్కలోకి రావు. అత్తగారు అల్లుడి అవస్థ చూడలేక, అల్లుడి పంతం చెడగొట్టనూ లేక, సందులోంచి మేడ కిటికీకి తాడు కట్టి బుట్టలో గిన్నెలు పంపడం మొదలుపెట్టారు. రుచి చూడ్డానికే అనుకుంటూ గుమ్మాలాయన మొదటి గిన్నె లాక్కున్నాడు. ఆ తర్వాత అలా అనుకోవడం కూడా మానేశాడు.

సర్వే చేసేవాడు సొంత ఇల్లు రాసుకుంటే సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలని రూలు. సూపర్‌వైజరమ్మ మధ్యాహ్నం వచ్చింది. సందులోంచి కొత్త మెట్లెక్కి, గడియ తీసి వేసి చూసి, పనివాడెవరో గానీ చెయ్యి మంచిదని మెచ్చుకుంది. ఇంకొకరి గదిలో కాలు పెట్టకుండా వచ్చింది కాబట్టి ఇది విడి ఇల్లే అని ఒప్పుకుంది. గుమ్మాలాయన వకీలుగారి మొహం ఊహించుకుని లోలోపల గంతులేశాడు.

తర్వాత ఆవిడ పొయ్యి చూపించమంది. పొయ్యి తళతళలాడుతోంది. మా ఆవిడకి శుభ్రం ఎక్కువండీ అన్నాడు. ఆ 'మా ఆవిడ' కిటికీలోంచి ఆకాశం చూస్తోంది. సూపర్‌వైజరమ్మ పొయ్యి మీది గిన్నె మూత తీసింది. లోపల సుద్దముక్కలున్నాయి.

గుమ్మాలాయన గబగబా మూత పెట్టేయబోతుండగానే బుట్ట వచ్చి కిటికీ రెక్కకు టకటకా కొట్టుకుంది. కింద నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అల్లుడుగారూ, కూర చల్లారిపోతోంది, లాక్కోండి. నిన్నటి గిన్నెలు కూడా దింపెయ్యండి, నాకు వండడానికి గిన్నెల్లేవు."

సూపర్‌వైజరమ్మ మంచం మీద కూలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తీర్పు చెప్పింది. ఇళ్ళు రెండు. తినేది ఒకే పొయ్యి మీది వంట కాబట్టి కుటుంబం ఒక్కటే. ఆ ముక్క మిగతావాళ్ళ ముందే రాద్దామని అందరినీ కిందికి నడిపించింది.

ముందు గదిలో గుమ్మాలాయన అట్ట ఒళ్ళో పెట్టుకుని పెన్సిలు తీశాడు. కుటుంబ పెద్ద ఎవరని సూపర్‌వైజరమ్మ అడిగింది. మామగారు గొంతు సవరించుకున్నారు. అల్లుడు ఆ పేరు రాయబోతుంటే అత్తగారు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చారు.

"పొయ్యి ఒకటైతే కుటుంబం ఒకటని ఇప్పుడేగా అన్నారమ్మా. ఆ పొయ్యి నాది. ఇల్లు మా నాన్నది, నాకు రాసిచ్చాడు. మరి పెద్దరికం ఆయనకెలా వచ్చింది?"

కుటుంబంలో వాళ్ళు ఎవరిని పెద్ద అంటే వాళ్ళనే రాయాలని రూలు. సూపర్‌వైజరమ్మ మామగారి వైపు చూసింది. మామగారు గోడ మీది ఫోటో వైపు చూశారు. పొట్టు కింద నుంచి ఆ బుర్రమీసాలు ఆయన్నే చూస్తున్నాయి.

"రాయండి," అన్నారు.

గుమ్మాలాయన రాశాడు. పెద్ద, అత్తగారు. ఆ కింద మామగారు, పెద్దకు ఏమవుతారు అన్న గడిలో 'భర్త'. మామగారు ఆ ఇంటికి పెళ్ళి చేసుకుని వచ్చిన మనిషేనని గుమ్మాలాయనకు తెలియక కాదు, ఎన్నడూ ఆలోచించకపోయాడంతే. ఫోటోలో పెద్దాయన బతికున్నప్పుడు ఇంకో సర్వేవాడెవడో ఇదే గదిలో కూర్చుని మామగారి పేరుకెదురుగా ఏం రాసి ఉంటాడో ఇప్పుడు కళ్ళకు కట్టింది. తన వంతు వచ్చేసరికి 'అల్లుడు' అని గుండ్రంగా, తడుముకోకుండా రాసేశాడు.

సూపర్‌వైజరమ్మ వెళ్ళిపోయాక చూస్తే మామగారు గదిలో లేరు. సందులో కొత్త మెట్ల మీద కూర్చుని ఉన్నారు. గుమ్మాలాయన వెళ్ళి కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"ఈ చెక్క నా పెళ్ళయిన కొత్తలో కొన్నది," అన్నారు మామగారు, మెట్టును అరచేత్తో రాస్తూ. "సందులోంచి మెట్లు కట్టుకుంటానని మా మామగారిని అడిగాను. నా గోడకి చిల్లు పెట్టే అల్లుడు నాకక్కర్లేదన్నాడు. ఆయన పోయాక అడిగే దిక్కు లేకపోయినా నాకు చెయ్యాడలేదు. మీరొచ్చి గాలి చాలడం లేదంటే, అల్లుడుగారూ, నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను."

ఆ 'గారు'లో ఈసారి వెటకారం లేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషి మీద కత్తి కట్టినందుకు గుమ్మాలాయనకు సిగ్గేసింది. ఏదో అనబోయి, మెట్లు చాలా బాగున్నాయని మాత్రం అన్నాడు.

వంటింటి కిటికీ తెరుచుకుంది. ఈ కుటుంబ పెద్ద తల బయట పెట్టారు.

"ఇక బుట్టలు పంపడం నా వల్ల కాదు. ఈ ఇంటి అల్లుళ్ళిద్దరూ చేతులు కడుక్కుని లోపలికి రండి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేడ మీద భార్య పగలబడి నవ్వడం సందు చివరిదాకా వినబడింది. అల్లుళ్ళిద్దరూ లేచి, పొట్టు దులుపుకుని, ముందు గుమ్మంలోంచే లోపలికి వెళ్ళారు.