చివరి వరుస దాణా

రోజిలేయా కౌజు పిట్టల షెడ్డులో పనిచేసేది, నేను పక్కనే మేకల దొడ్లో. మీనాస్ కొండల్లో మా వ్యవసాయ కాలేజీ.

గుడ్లు పెట్టే కౌజు పిట్టకు మెథియోనిన్ ఎంత కావాలన్నది ఆమె పరిశోధన. మొక్కజొన్న, సోయా చెక్కల్లో ఆ అమైనో ఆమ్లం చాలదు, విడిగా కలపాలి. ఒక్కో వరుస బోన్లకు ఒక్కో మోతాదు కలిపింది. చివరి వరుసకు మాత్రం కలపలేదు. అక్కడ గుడ్లు చిన్నవవ్వాలి, ఈకలు రాలాలి. మొదట్లో అలాగే అయింది. ఆ తర్వాత గుడ్లు మళ్లీ బరువెక్కాయి.

కాటా తప్పనుకుని మార్పించింది. దాణా కలిపేవాళ్లతో పోట్లాడి, తనే మళ్లీ కలుపుకుంది. అయినా అంతే.

ఒక మధ్యాహ్నం భోజనానికని వెళ్లి, గొడుగు మరిచిపోయి వెనక్కొచ్చింది. షెడ్డు చూసుకునే ముసలాయన అబీలియు, పగిలిన గుడ్లు ఉడకబెట్టి, చిదిమి, చివరి వరుస తొట్లలో వేస్తున్నాడు. గుడ్డులో మెథియోనిన్‌కి ఏం కొదవ? ఆమె పట్టుబట్టి తీసేసిందంతా ఆయన పిడికెడు పిడికెడుగా తిరిగి పెడుతున్నాడు.

కేకలు విని నేను పరిగెత్తుకెళ్లాను.

"నా పనంతా బూడిదలో పోశారు" అంటోంది. "ఎందుకు చేశారిలా?"

"ఒకదాన్నొకటి పొడుచుకుని వీపులు పుండ్లయ్యాయమ్మా. నువ్వేమో గుడ్లు తూచుకుని పోతున్నావు."

"ఎంత తగ్గితే చెడుతుందో చూడకుండా ఎంత పెట్టాలో చెప్పేదెలా? బయట రైతులు గుడ్డిగా పెడుతున్నారు. అక్కడివి పొడుచుకోవట్లేదా?"

"అక్కడివి నేను చూడలేదు. ఇవి రోజూ నా కళ్లముందే ఉన్నాయి."

"జాలిపడటం తేలికేలెండి. మీకు తర్వాత లెక్క చెప్పే పని లేదు."

"కావాలని పస్తు పెట్టి దానికి చదువని పేరా?" అని ముసలాయన చేతిలో గిన్నె నేలకేసి కొట్టాడు.

ఆమె పరిశోధన చూసే ప్రొఫెసర్, అబీలియును నా మేకల దగ్గరికి మార్చాడు. జరిగింది విని నవ్వాడట, షెడ్డుకు తాళం వేసుకోమన్నాడట. ముసలాయన చేసినదానికంటే ఆ నవ్వుకే ఎక్కువ మండింది రోజిలేయాకి.

కొత్త పిట్టలతో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి చివరి వరుస తొట్లు తనే నింపింది. వీపులు పుండ్లు పడ్డాయి, ఒకటి చచ్చిపోయింది. అయినా ఆ తొట్లలో మెథియోనిన్ కలపలేదు. ఆ రోజుల్లో నాతో మాట్లాడటం కూడా మానేసింది.

ఫలితం తేలాక మేకల దొడ్డికొచ్చి, ఎంత పెట్టాలో తేలిందని, ఇక రైతులు ఆ మోతాదే వాడొచ్చని అబీలియుతో చెప్పింది. ఆయన గడ్డి కోస్తూనే అడిగాడు.

"ఆ పిట్టలేమయ్యాయి?"

"కోసేశాం."

"మంచిది, వాటి బాధ తీరింది" అన్నాడు, కోపంగా.

ఆమె గేటు విసురుగా వేసి వెళ్లిపోయింది. వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు.