సన్న సప్పుడు

వీరేషుకు చెవులు పోతాండాయని తెలిసింది ఇద్దరికే. ఒకరు కర్నూలు డాక్టరు, ఇంకొకరు వీరేషు పెండ్లాము మల్లేశ్వరి. డాక్టరు పరాయోడు, ఆయనకు ఎవురితోనూ చెప్పే పని లేదు. మల్లేశ్వరితో మాత్రం కూతురు హర్షిత తల మీద చెయ్యి పెట్టించి, ఎవురికీ చెప్పనని వొట్టు వేయించుకున్నాడు వీరేషు. వొట్లు వేయించుకునేదానికి ఈ మొగోళ్లకు బిడ్డల తలకాయలు తప్ప ఇంకేమీ దొరకవు గదా!

మొత్తానికే చెవుడనుకునేరు, కాదు. లారీ హారను వినపడుతుంది, ఉరుము వినపడుతుంది, మొగోళ్ల మొద్దు గొంతులు వినపడతాయి. పోయినవన్నీ సన్న సప్పుళ్లు. కుక్కరు విజిలు, ఫోను రింగు, గాజుల గలగల. వాటితో పాటే మల్లేశ్వరి గొంతు, ఆరేండ్ల హర్షిత గొంతు. ఆర్కెస్ట్రాలో డ్రమ్ముల ఇత్తడి తాళాల పక్కన నిలబడి ఇన్నేండ్లు మొద్దుగ పలికే బేస్ గిటారు వాయించినందుకు దొరికిన బహుమానం అది. ఎదురుగా నిలబడి పెదాలు బాగ కదిలిస్తే పట్టుకుంటాడు, వెనకనుంచి పిలిస్తే పలకడు. దేవుడు ఏం ఆలోచన చేసినాడో ఏమో, పెండ్లాము గొంతు ఎత్తుకపోయి గిటారు గొంతు మాత్రం ఆయప్పకు మిగిల్చినాడు.

డాక్టరు దాపరికం లేకుండా చెప్పినాడు. స్పీకర్ల దగ్గర ఇట్లనే నిలబడితే రెండు మూడేండ్లలో ఈ మిగిలింది గూడ పోతుంది, అప్పుడు చెవికి మిషను పెట్టినా లాభం ఉండదు. ఇప్పుడే మానుకోని మిషను పెట్టుకుంటే బిడ్డ మాటలు వినొచ్చు. మిషనైతే తెచ్చుకున్నాడు. తెచ్చి బీరువాలో మల్లేశ్వరి పట్టుచీర కింద దాచిపెట్టినాడు. అది చెవికి తగిలించుకోని స్టేజీ ఎక్కితే జయరాం చూస్తాడు, చూస్తే ఆ పొద్దే దింపేస్తాడు, అదీ ఆయప్ప భయం.

ఈ జయరాం ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే సెట్టి. డబ్బు సంపాదించేది పత్తి మార్కెట్లో, మనసు పెట్టేది కీబోర్డు మీద. ఆర్కెస్ట్రా ఆయనదే. హాలహర్వి మొదలుకోని మంత్రాలయం పక్కన మాధవరం దాకా యాడ జాతరైనా, యాడ పెండ్లయినా ఆయన బృందమే పాడాల. ఈ యేడు ఆయనకు కొత్త పిచ్చి పట్టింది.

"వీరేషూ, ఇప్పటి పిల్లోళ్లకు డీజే కావాలప్పా. నీ బేసు పాత మాదిరి దుబుక్కు దుబుక్కుమంటే కుదర్దు. నాలుగు పెడల్సు పెట్టుకోని ఒక బోర్డు తయారు చేసుకో. ఆదివారం అబ్రహాం గిటార్ల అంగట్లో నేనొచ్చి విని ఖాయం చేస్తా. కాదంటావా, ఎడమచేత్తో బేసు నేనే కీబోర్డు మీద వాయించుకుంటా" అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ ఆ మాటలో నవ్వులాట లేదని వీరేషుకు తెలుసు.

పెడల్ అంటే ఇంకేం లేదు, గిటారుకూ స్పీకరుకూ నడుమ పెట్టి కాలితో తొక్కే ఇనుప డబ్బీ. ఒక్కో డబ్బీ సప్పుడును ఒక్కో తీరుగ మారుస్తుంది. వాటిని ఎంచుకునేదానికి వీరేషు బెదరలేదు. బెదిరింది కరెంటుకు. డబ్బీలన్నిటికీ ఒకే అడాప్టరు నుంచి గొలుసు మాదిరి వైరు లాగితే, ఒకదాని మురికి ఇంకోదాంట్లోకి పోయి సన్నగా కీ... అని ఒక కూత వస్తుంది. దోమ చెవికాడ పాడినట్లుంటుంది. స్టేజీ మీద అది స్పీకర్లలో పడిందంటే జనం చెవులు మూసుకుంటారు. వీరేషుకు వినపడనిది సరిగ్గా ఆ కూతే.

అందుకే మల్లేశ్వరిని ఎంటబెట్టుకున్నాడు. "నువ్వు నాకు ఎదురుగా నిలబడు. కీ మంటే పైట సర్దుకో. లేకుంటే ఊకుండు. అంతే" అని ఇంట్లోనే నేర్పించినాడు.

ఆదివారం పొద్దున ఎమ్మిగనూరులో బయలుదేరేటప్పుడు హర్షిత వచ్చి నాయన చొక్కా పట్టుకుంది. "నాయనా, నాకు ఎర్ర రిబ్బన్లు తే" అంది. వీరేషు అద్దంలో చూసుకుంటా తల దువ్వుకుంటాండాడు. "పోయొస్తాం బంగారూ, అవ్వకాడ బుద్ధిగుండు" అన్నాడు. బిడ్డ ఏడ్వలేదు, అలగలేదు. అమ్మ దగ్గరికి వచ్చి, "నువ్వే సెప్పుమ్మా. నాయన నాతో మాట్లాడ్డు" అంది, పాలు అయిపోయినాయని చెప్పినంత మామూలుగా. మల్లేశ్వరికి బస్సులో ఆదోని దాకా ఆ మాటే మతిలో తిరిగింది.

అబ్రహాం అంగడి మిద్దె మీద ఉంది. అబ్రహాం చర్చిలో బేసు వాయించే మనిషి, చిన్నప్పుడు వీరేషుకు గిటారు పట్టుకోవడం నేర్పింది గూడ ఆయనే. మల్లేశ్వరిని చూసి, "ఏమ్మా, గిటారు కొనేదానికి గూడ పెండ్లాము తోడు రావాల్నా? వీడు ఇంకా పెద్దోడు కాలేదా?" అని నవ్వినాడు. బ్లౌజు గుడ్డ కొనాల్నని వచ్చినా అన్నా అని అబద్ధం చెప్పి, ఆమె గోడకానుకోని నిలబడింది.

అబ్రహాం ఒక్కో పెడల్ తెచ్చి కింద పెట్టినాడు. తీగె గట్టిగ మీటినా మెల్లగ మీటినా సమానంగా పలికించే కంప్రెసరు మొదలు. వీరేషు రెండు రకాలు చూసి, వేళ్లకు ఏది ఇంపుగా ఉంటే దాన్ని తీసుకున్నాడు. దాని తర్వాత ఆక్టేవ్, మీటిన స్వరానికి తోడు ఇంకా మొద్దు స్వరం కలుపుతుంది. తొక్కేసరికి మిద్దె నేలంతా అదిరింది. చిన్నపిల్లోని మాదిరి నవ్వినాడు వీరేషు. శ్రుతి చూసుకునే ట్యూనరుకైతే చెవులతో పనే లేదు, లైటు చూసుకుంటే చాలు.

చిక్కంతా కోరస్ దగ్గర వచ్చింది. అది సప్పుడును అలలు అలలుగా చేస్తుంది, ఆ అలలు ఆయప్ప చెవికి చేరవు. అబ్రహాం రెండు పెట్టి, "ఏది కావాలో నువ్వే చూసుకో" అన్నాడు. వీరేషు మొదటిది తొక్కి ఒక వరస వాయించినాడు, రెండోది తొక్కి అదే వరస వాయించినాడు. వాయిస్తా ఉన్నంతసేపూ మల్లేశ్వరి ముఖమే చూస్తాండాడు. రెండోదానికి ఆమె ముఖం తనకు తెలీకుండానే మెత్తబడింది. "ఇది బాగుందన్నా" అని రెండోదే తీసుకున్నాడు. పెండ్లయిన ఇన్నేండ్లలో తన ముఖాన్ని ఎవురన్నా అంత శ్రద్ధగా చూసింది లేదు. మల్లేశ్వరికి ఏడుపొచ్చింది, గోడకున్న గిటార్ల తట్టు తిరిగి మింగుకుంది.

ఇంక కరెంటు. అబ్రహాం ముందు ఒకే అడాప్టరుకు గొలుసు వైరు తగిలించి నాలిగింటికీ ఇచ్చినాడు. కీ... మంది. మల్లేశ్వరి పైట సర్దుకుంది.

"సన్నగా కూస్తాందన్నా, ఇది వద్దు" అన్నాడు వీరేషు.

"నీవి పాము చెవులురా! ఇంత సన్న సప్పుడు ఎవురు పట్టుకుంటారు?" అని మెచ్చుకున్నాడు అబ్రహాం. మల్లేశ్వరికి ఆ మాట సూది గుచ్చినట్లయింది.

తర్వాత ఒక బరువైన డబ్బా తెచ్చినాడు. నాలుగు పెడల్సుకు నాలుగు తావుల నుంచి దేని కరెంటు దానికే, ఒకదాని మురికి ఇంకోదానికి తగలదు. ధర ఎక్కువైనా వీరేషు ముందునుంచీ దాని మీదే కన్నేసినాడు. అదుంటే ఎవురి పైటా చూసే పని లేదు, ఎన్ని జాతర్లైనా ధైర్యంగా నిలబడొచ్చు. తగిలించినారు. అంతా నిమ్మళం. మల్లేశ్వరి ఊకుండింది. వీరేషు ముఖంలో ఆ పొద్దు కనపడిన వెలుగు, హర్షిత పుట్టిన పొద్దు చూసింది ఆమె, మళ్ల ఇదే చూడ్డం.

అప్పుడొచ్చినాడు జయరాం, చేతిలో ఒక పెట్టెతో. బెంగుళూరు నుంచి తెప్పించిన సింథ్ పెడల్ అంట, డీజే మాదిరి గుంయ్యిమంటుందంట. "ఇది లేకుంటే నాకు బోర్డే వద్దు. పెట్టు దీన్ని గూడ" అన్నాడు. డబ్బాలో తావు లేదు. "కోరస్ వైరులోనే చీల్చి ఇద్దాం, ఇప్పటికి. సప్పుడొస్తే చెప్పండి, ఇంకో దావ చూద్దాం" అని అబ్రహాం వైరు తగిలించినాడు.

కీ... మంది. పొద్దున్నుంచి విన్నదానికంటే గట్టిగ, పంటి మీద గోరు గీసినట్లు. అబ్రహాం మూతి ముడుచుకున్నాడు. జయరాం వీరేషు తట్టు తిరిగి, "ఎట్లుందప్పా? సప్పుడేమన్నా వస్తాందా?" అని అడిగినాడు.

వీరేషు తలెత్తి మల్లేశ్వరిని చూసినాడు.

ఆమె చెయ్యి పైటకాడికి పోయింది. పోయి ఆడనే నిలిచిపోయింది. సర్దుకుంటే అయిపోయె. వైరు మారుస్తారు, బోర్డు ఖాయమైతాది, ఈ యేడు జాతర్లన్నీ వీరేషువే. మళ్ల వచ్చే యేడు గూడ. ఆ తర్వాత ఉరుము గూడ వినపడని మొగుడు, నాయనకు చెప్పుకోవడమే మర్చిపోయిన బిడ్డ. సర్దుకోకుంటే? ఇదో, ఈడనే, ఇందరి ముందర, ఆయప్ప తల తెగిపడినట్లే. ఏ ఆడదానికీ ఇట్లాంటి కష్టం రాగూడదు తల్లీ. తనను నమ్మిన మనిషిని బతికించుకునేదానికి తనే ముంచాల్సి రావడం కంటే పాడు కర్మ ఇంకేముంది? మల్లేశ్వరి చెయ్యి కిందికి దించేసింది.

"ఏం లేదన్నా! శుభ్రంగుంది" అన్నాడు వీరేషు, ధీమాగా.

జయరాం మెల్లగ నడిచిపోయి స్పీకరు మీద సప్పుడు పెంచే మర తిప్పినాడు, ఇంకా తిప్పినాడు. కూత మిద్దెంతా నిండింది. మూలన తబలా చూసుకుంటాండే ముసలాయన రెండు చెవులూ మూసుకున్నాడు. వీరేషు మాత్రం వంగి, కొత్త పెడల్ మీద ధూళి చొక్కా కొనతో తుడుస్తాండాడు. తుడిచి, ఒక తీగె శ్రుతి చూసుకోని, నవ్వుముఖంతో తలెత్తినాడు. అందరి ముఖాలూ చూసినాక ఆ నవ్వు యాడ పెట్టుకోవాల్నో తెలీక అట్లనే నిలబడిపోయినాడు.

అబ్రహాం పోయి స్విచ్చి ఆపినాడు.

"ఎన్నాళ్ల నుంచప్పా?" అని అడిగినాడు జయరాం. గొంతులో కోపం లేదు, అదుంటే బాగుండు. "మొన్న హాలహర్విలో స్టేజీ మీద పాట గోలలో వెనకనుంచి నేను నీ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడలేదు. పొగరు పెరిగింది వీనికి అనుకున్న్యా. నాకు ఒక మాట చెప్పగూడదా వీరేషూ?"

జయరాం ఆయప్ప భుజం మీద చెయ్యేసి, "ఇంటికి పో. వైద్యం చూపించుకో. బేసు సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు. అబ్రహాం పెడల్సును ఒక్కోటి విప్పి మళ్ల అట్టపెట్టెల్లో పెడతాంటే, గిటారు సంచిలో పెట్టుకోని వీరేషు మెట్లు దిగినాడు.

ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్కన వీరేషు, ఈ పక్క మల్లేశ్వరి. ఆదోని దాటినాక వీరేషు ఆమె తట్టు తిరిగినాడు.

"నీకు వినపడలేదా?"

లేదని చెప్పొచ్చు. అంగడి కింద పోయే బస్సుల సప్పుట్లో తెలీలేదప్పా అంటే నమ్మేవాడే. నమ్మి, తన రాతను తిట్టుకోని ఊరుకునేవాడు. మల్లేశ్వరికి అబద్ధం నోటిదాకా వచ్చింది, నోరు దాటలేదు.

"వినపడింది" అంది.

వీరేషు కొట్టుంటే బాగుండు, తిట్టుంటే బాగుండు. "చెవులు పోతాండాయని డాక్టరు చెప్పినప్పుడు గూడ నాకు ఒంటరోన్ని అనిపించలేదు మల్లీ. నువ్వుంటివి గదా అనుకున్న్యా. ఈ పొద్దు అనిపిస్తాంది" అన్నాడు. అని, కిటికీ తట్టు తిరిగిపోయినాడు. బయట పత్తి చేన్లు, ఎండకు కాగి పడున్న నల్ల నేలలు.

మల్లేశ్వరి చెప్పడం మొదలుపెట్టింది. హర్షిత అన్న మాట చెప్పింది, బీరువాలో చీర కింద మిషను సంగతి చెప్పింది, నువ్వు నాకు గిటారు లేకున్నా కావాలప్పా, పలకకున్నా కావాలప్పా, నీ బిడ్డ పిలిస్తే పలికే మనిషివి కావాల అని చెప్పింది. ఏడుస్తా చెప్పింది. ముందు సీటామె తిరిగి చూసింది, కండక్టరు తల తిప్పుకున్నాడు. బస్సులో అందరికీ వినపడింది. ఆయప్ప మాత్రం కిటికీలోనుంచి చేన్లు చూస్తానే ఉన్నాడు.

వీపుతో మాట్లాడుతున్నానని ఆమెకు అప్పుడు తెలిసింది. కండ్లు తుడుచుకోని, గడ్డం పట్టుకోని ఆయప్ప ముఖాన్ని తన తట్టు తిప్పుకుంది. "హర్షితేమందంటే..." అని పెదాలు బాగ కదిలిస్తా మళ్ల మొదటినుంచి మొదలుపెట్టింది.

వీరేషు ఆ పెదాలను ఒక్క గడియ చూసినాడు. చూసి, కండ్లు మూసుకున్నాడు.

ఎమ్మిగనూరు వచ్చేదాకా తెరవలేదు.