మహానంది అక్షరాలు

మహానంది అక్షరాల పెట్టె ముందు నిలబడి, చూడకుండానే గూళ్లు తడుముతున్నాడు. 'ళ' గూట్లో వేలికి 'శ' తగిలింది. తీసి దాని గూట్లో వేశాడు. ఈ వారంలో ఇది నాలుగోసారి. ముప్పయ్యొక్కేళ్లు సీసపు అక్షరాలు పేర్చిన చెయ్యి అది. చూపుడువేలి కొస నల్లబడి, కాయ కాచి, గోరు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆ వేలు పొరబడదు. ఎవరో తీస్తున్నారు, తిరిగి పెట్టేటప్పుడు గూడు తప్పుతున్నారు.

కల్లూరులోని ఆ ప్రెస్సులో అతను కాక ఉన్నది ఇద్దరే. ఒకరు యజమాని వాసుదేవ్, రెండో మనిషి కంప్యూటరు ముందు కూర్చునే కృపమణి. 2003లో కంప్యూటరు వచ్చినప్పుడే సీసం మూలకు చేరింది. మహానందికి ప్రూఫులు దిద్దే పని మిగిలింది. తెరను అతను నమ్మడు. ఒకసారి పెళ్లికూతురి పేరులో ఒత్తు తెర మీద ఉండి కాగితం మీద లేకుండా పోయింది. ఆనాటి నుంచి రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. తన వెనక వాసుదేవ్, ఆ పిల్ల గొంతు తగ్గించి మాట్లాడుకోవడం కూడా చూస్తున్నాడు.

మధ్యాహ్నం అన్నానికని బయలుదేరి, సందు మలుపు దాకా పోయి వెనక్కి వచ్చాడు. కృపమణి పెట్టె మీద వంగి ఉంది. అరచేతిలో నాలుగు అక్షరాలు.

"యాడికి తీస్కపోతాండావమ్మా?"

"యాడికీ కాదన్నా. ఈడికే." ఆమె తెర వైపు చూపింది. అక్కడ అతని 'క' బిందెంత పెద్దదై నిలబడి ఉంది. సిరా అద్ది కాగితం మీద ఒత్తి, ఆ అచ్చును కంప్యూటరులోకి ఎక్కించి, ఫాంటు చెయ్యడానికి గీత గీతా దిద్దుతోందట. "ఈ అక్షరాల అందం వేరే వాటికి లేదన్నా."

అతను తెర దగ్గరికి వంగాడు. ఆమే చెప్పుకుపోయింది. "ఈ తెర పని కూడా ఎవురో కుదిర్చిందేనన్నా. అమెరికాలో ఒక కంపెనీ పరిశోధన కోసమని శానామందిని కూర్చోబెట్టిందంట. తెర మీద ఎట్లుంటే కాగితం మీద అట్లే వచ్చేది, మౌసుతో బొమ్మల మీద నొక్కేది, అంతా ఆడ కుదిర్చినదే. మాకు క్లాసులో చెప్పినారు."

"వాళ్లు బాగుపడినారా?"

"వాళ్లకు పేరుండాదిలే. అమ్ముకునింది మాత్రం ఎక్కువగా వేరేవాళ్లే."

"మరి వీటికి ఎవరి పేరు పెడ్తాండావు?"

మౌసు మీద ఆమె చెయ్యి ఆగింది. "ప్రెస్సు పేరు పెట్టమన్నాడు సారు."

మహానంది తల పంకించాడు. వారం రోజుల అనుమానం నిజమైనందుకు కోపం రావాలి. రాలేదు. తెర మీది 'క' తలకట్టు సరిగ్గానే కుదిరిందని కన్ను ముందే చూసేసింది. అది మింగుడుపడలేదు.

ఆమె అక్షరాలన్నీ ఒక కాగితం మీద ప్రింటు తీసి అతని బల్ల మీద పెట్టింది. "దిద్ది ఇస్తావా అన్నా?"

"నేనెందుకు దిద్దల్ల?" అన్నాడు. సాయంత్రం దాకా దాన్ని ముట్టలేదు. ఆమె ఇంటికి పోయేటప్పుడు కూడా అది అట్లాగే ఉంది.

మర్నాడు అతను రాలేదు. పదింటికి వాసుదేవ్ వచ్చి, చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడ్డాడు. "రాత్రి మహానంది షేర్ ఆటోలో కూర్చున్నోడు కూర్చున్నట్లే పోయినాడంట. ఇల్లొచ్చింది దిగప్పా అని డ్రైవరు తట్టితే తెలిసింది." తాళం ఆమె చేతిలో పెట్టి, వాళ్లింటికి పోతున్నానని చెప్పి వెళ్లిపోయాడు.

కృపమణి అతని బల్ల దగ్గరికి పోయింది. కాగితం నిండా ఎర్ర పెన్సిలు. 'ళ' పొట్ట లోపలికి నెట్టి ఉంది. 'క్ష' ఒత్తు రవ్వంత కిందికి దించి ఉంది. ఒక్క అక్షరాన్నీ వదల్లేదు.

ఆమె కంప్యూటరు తెరిచి ప్రెస్సు పేరు చెరిపి, మహానంది అని కొట్టింది. వాసుదేవ్ ఏమంటాడో ఆలోచించలేదు. దిద్దుబాట్లు చూసుకోవడానికి కాగితం చేతికి తీసుకోబోయింది.

కాగితం అట్టడుగున, 'ళ' 'క్ష'ల వరుస ముగిసినచోట, ఆమె ఎక్కించడం మరిచిపోయిన బండి 'ఱ' పాత సిరా తుడిచి పెట్టి ఉంది, వేలి గోరంత సీసం ముక్క.