మేస్త్రి ముక్కు, విస్కీ సీసా

ఆ పాలిష్ దుకాణంలో ఏ సీసాలోనూ దాని మీద రాసింది ఉండదు. జ్యూస్ సీసాలో టర్పెంటైన్, దగ్గుమందు సీసాలో చెక్క రంగు, సాస్ సీసాలో అవిసె నూనె. ఏ సీసా ఖాళీ అయితే అది మర్నాటి నుంచి పనిలోకి దిగాల్సిందే. లేబుల్ చదివి నమ్మేవాడు బయటివాడు, మూత తీసి వాసన చూసేవాడు మనవాడు. నలభై ఏళ్లుగా మేస్త్రి పెట్టిన చట్టం ఇది. దానికో తోక కూడా ఉంది: ముక్కు పోయిన రోజున పాలిష్‌వాడు చేతులు కడుక్కుని ఇంట్లో కూర్చోవాలి, మొహమాటాలు పనికిరావు. పని నేర్పిన గురువునే అలా ఇంట్లో కూర్చోబెట్టాడు ఈ మహానుభావుడు.

ఇప్పుడు తన ముక్కే పోయింది. కిందటేడు జ్వరం వచ్చి, పోతూ పోతూ వాసనల్ని మూటగట్టుకుపోయింది. ఆ సంగతి మేస్త్రి ఎవరి చెవినా వెయ్యలేదు. దుకాణం నడిపేది కూతురు. ఆమెకి తెలిస్తే, తన చట్టం తనకే చదివి వినిపించి ఇంటికి పంపేస్తుందని భయం. ఇంట్లో ఏముంది గనక? నాలుగు గోడలు, ఒక టీవీ. అందుకని ఏడాదిగా నాటకం ఆడుతున్నాడు. సీసా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు, ఎవరూ చూడకుండా ఓ చుక్క వేళ్ల మధ్య రుద్దుతాడు. జిడ్డుగా ఉంటే నూనె, అతుక్కుంటే లక్క, చల్లగా తగిలి ఎగిరిపోతే స్పిరిట్. ఆ తర్వాత తల పంకించి పేరు చెబుతాడు. ఇంతవరకూ ఎక్కడా దొరికిపోలేదు.

ఆ రోజు పొద్దున, గోడకి చెమ్మ పట్టిందని బీరువా జరిపితే వెనకనుంచి ఓ విస్కీ సీసా బయటపడింది. ఒంటినిండా దుమ్ము, సీలు లేదు, మెడదాకా తేనె రంగు. లక్కని స్పిరిట్‌లో కరిగించినా అచ్చం అదే రంగు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తులేదు.

కూతురికి మందు అన్న మాట వింటేనే ఒళ్లుమంట. పదకొండింటికి హెడ్‌మిస్ట్రెస్ గారు తన బల్ల కోసం వస్తారు, ఆవిడ కంట ఇది పడిందంటే ఇంకేమైనా ఉందా అని కంగారు. పారబోద్దామంటే లోపల లక్క పాలిష్ ఉంటే దండగ. విస్కీ అయితే ఎవరికో ఒకరికి ఇచ్చి వదిలించుకోవచ్చు. ఆ పాడు సీసాని తన ముక్కు దగ్గరికి తెచ్చుకోవడం ఇష్టం లేక, తండ్రి చేతిలో పెట్టి ఎదురుగా నిలబడింది. ఎదురు కొట్టు పుస్తకాల బైండరు టీ గ్లాసు పట్టుకుని ఈ తమాషా చూస్తున్నాడు.

రెండు జతల కళ్లు తన మీదే ఉంటే వేళ్లు ఎక్కడ రుద్దుతాడు? మేస్త్రి గట్టిగా పీల్చాడు. గాలి వెళ్లింది, గాలే బయటికొచ్చింది. దిక్కుతోచక లేబుల్ మీదున్నదే చెప్పేశాడు. అక్కడితో ఊరుకున్నాడా? అసలు సిసలు విస్కీ అనీ, చెక్క పీపాలో పన్నెండేళ్లు ఊరిన సరుకనీ కోతలు కోశాడు. కుర్రతనంలో ఓ బార్లో నెలరోజులు బల్లలకి పాలిష్ పెట్టాడు కాబట్టి ఆ వాసన బాగా తెలుసునని సాక్ష్యం కూడా చెప్పుకున్నాడు. అది విని బైండరు మొహం విప్పారింది. భోజనానికి ముందు ఓ గుక్క పడుతుందంటూ సీసా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

మేస్త్రి కుర్చీ చేతిని గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యి ఆగిపోయింది. విస్కీ సీసాలో విస్కీయా? ఈ దుకాణంలోనా? నలభై ఏళ్ల మేస్త్రి, బయటివాడిలా లేబుల్ చదివి చెప్పాడు. అందులో ఉన్నది స్పిరిట్ అయితే? పాలిష్ స్పిరిట్ తాగితే కళ్లు పోతాయి, ఒక్కోసారి మనిషే పోతాడు.

చెప్పుల్లేకుండానే రోడ్డు దాటాడు. బైండరు అప్పటికే గ్లాసులో పోసుకుని, కాగితాల కట్టల మధ్య కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. తాగొద్దు, పాడైపోయిందన్నాడు మేస్త్రి. పన్నెండేళ్ల సరుకని నువ్వేగా అన్నావు, ఇది పాడవడమేంటి అని నవ్వి బైండరు గ్లాసు ఎత్తాడు. ఇక అబద్ధాలకి టైము లేదు. మేస్త్రి ఆ గ్లాసు లాగేసుకున్నాడు. సగం ఇద్దరి చొక్కాల మీదా పడింది.

"నాకు వాసన తెలీదయ్యా. ఏడాదైంది. ఇందాక ఊరికే చెప్పాను."

బైండరు మేస్త్రి భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. తిరిగి చూస్తే గుమ్మంలో కూతురు, చేతిలో తండ్రి చెప్పులు. అంతా వింది. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

ఆమె వచ్చి గ్లాసు తీసుకుని వాసన చూసింది. మొహం చిట్లించింది. స్పిరిట్‌లాగే ఉంది గానీ స్పిరిట్ కాదంది. విస్కీ వాసన ఆమె పుట్టి బుద్ధెరిగి చూసింది లేదాయె. మేస్త్రి అడగడం మొదలుపెట్టాడు. కళ్లలో గుచ్చుతోందా? లేదు. గొంతులో? కొంచెం. వెనకాల ఇంకేమైనా ఉందా, నిదానంగా చూడమన్నాడు. కాలిన చెక్క, మాడిన పంచదార అంది.

"అయితే విస్కీయే," అన్నాడు మేస్త్రి. "నేను చెప్పింది నిజమే."

"గుడ్డిగా చెప్పావు నాన్నా," అంది ఆమె. ఏడాదిగా పక్కనే ఉన్న తనకి ఒక్క మాట చెప్పలేదన్న కోపం, పక్కనే ఉండి కూడా తాను కనిపెట్టలేకపోయానన్న దుఃఖం, రెండూ కలిసి తన్నుకొచ్చాయి.

బైండరు సీసా వాళ్లవైపు నెట్టేశాడు. మీ ఇద్దరికీ కలిపి ఒక్క ముక్కుంది, దాన్ని నమ్ముకుని నేను తాగలేనని తేల్చి చెప్పాడు. మళ్లీ ఎవరికీ అక్కర్లేనిదైపోయింది సీసా. కూతురు దాన్ని మురిక్కాలవలో బోర్లించింది. పోతున్నంతసేపూ బైండరు పెళ్లి ఆగిపోయినవాడిలా చూస్తూ నిలబడ్డాడు.

పదకొండింటికి హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చారు, బల్ల నిగనిగ చూసి మురిసి, తీసుకెళ్లారు. ఆవిడ అటు వెళ్లగానే మేస్త్రి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. మోచేతుల దాకా, సబ్బుతో. అన్నం డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. చట్టం చట్టమే కదా. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే గోడవైపు తిరిగాడు.

"ఎక్కడికి?" అంది కూతురు.

"ఇంటికి."

ఆమె సంచి అందుకుని మేకుకి తగిలించింది. స్టూలు లాగి కూర్చోమంది. అలమారలోని సీసాలన్నీ దించి బల్లమీద వరసగా పెట్టి, కాగితం ముక్కలు, జిగురు, పెన్ను పక్కన ఉంచుకుంది. మొదటి సీసా మూత తీసి వాసన చూసి, పైన్ చెక్క చీల్చినట్టుంది, తలకెక్కుతోంది, ఏంటది అని అడిగింది. టర్పెంటైన్ అన్నాడు మేస్త్రి. రాసి అతికించింది. రెండోది, పచ్చి గింజల వాసన, కొంచెం చేపలా ఉంది అంది. పాత అవిసె నూనె, పారెయ్యి అన్నాడు.

అయిదో సీసా దగ్గర మేస్త్రికి వెలిగింది. ఏడేళ్లప్పుడు ఈ గదిలో అతని ఒళ్లో కూర్చుని ఈ వాసనలన్నీ నేర్చుకున్న పిల్ల ఇది. కళ్లకి గంతలు కట్టినా తప్పు చెప్పదు.

"ఇదేంటి నాన్నా?" అని ఆరోది తీసింది. మేస్త్రి గొంతు సవరించుకుని, వాసన ఎలా ఉందో సరిగ్గా చెప్పమన్నాడు.