మసి అంటిన తెల్ల కుర్చీలు

బొగ్గు గని నుంచి పైకొచ్చిన మనిషి ముందు తింటాడు, తర్వాతే స్నానం చేస్తాడు. మా కాలనీలో ఎన్నో ఏళ్ల రివాజు ఇది. దాని మీదే బాగుపడ్డ లక్ష్మీరాజానికి ఇప్పుడదే కంపు కొడుతోంది.

పెద్దపల్లి నుంచి ఆదిలాబాద్ దాకా ఐదు టిఫిన్ హోటళ్లున్న ఈ మహానుభావుడికి ఈమధ్య గొప్పోళ్ల మీద మోజు పుట్టింది. మా కాలనీ హోటల్‌కు అద్దాల తలుపులు, ఏసీ, తెల్ల కుర్చీలు పెట్టించాడు. పక్కనున్న ఆఫీసర్ల బంగళాలకు కార్డులు పంచాడు. గిన్నెలో ఒత్తి కాల్చే బియ్యప్పిండి రొట్టె సర్వపిండిని చిన్న చిన్న ముక్కలు కోసి, మీద పుదీనా ఆకు పెట్టి అమ్ముతున్నాడు. గోడల నిండా గని కార్మికుల ఫోటోలు! ఫోటోలో మసి అందమట, మనిషి మీద ఉంటే అసహ్యమట.

సోమవారం మాతో గనిలో పనిచేసే రాయమల్లు మొదటి షిఫ్టు దిగి వస్తే లక్ష్మీరాజం తలుపు దగ్గరే ఆపాడు. నేను అక్కడే ఉన్నాను.

"తానం జేసి రా. లోపట పెద్దోళ్లు తింటున్నరు."

పన్నెండేళ్లుగా అక్కడ సర్వపిండి ఒత్తే దేవవ్వ వంటింట్లోంచి వచ్చి, మెట్ల మీదే రాయమల్లు చేతిలో ప్లేటు పెట్టింది.

"రేపటి సంది నువ్వు పనికి రాకు," అన్నాడు లక్ష్మీరాజం. ముగ్గురు పిల్లల ఇల్లు ఆమె సంపాదన మీదే నడుస్తోంది.

సాయంత్రం యూనియన్ ఆఫీసులో కూర్చున్నాం.

"ఇగ గా హోటల్ల అడుగు పెట్టొద్దు," అన్నాడు కాలేజీ కుర్రాడు సంపత్.

రాయమల్లు మండిపడ్డాడు. "మనం రావొద్దనే గదరా ఆయన కోరిక? గది మనమే తీర్చాల్నా? అందరం పోదాం, గీ బట్టలతోనే పోదాం. దేవవ్వను పనిల పెట్టుకునేదాక లేవొద్దు."

మర్నాడు షిఫ్టు దిగి, దేవవ్వను వెంటబెట్టుకుని, అరవై మందిమి తెల్ల కుర్చీల్లో కూర్చున్నాం. బంగళాల వాళ్లు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని లేచిపోయారు. పాపం, వాళ్ల ఇళ్లలో ఏసీలు మా బొగ్గు కరెంటుతో కాక గంధం చెక్కలతో నడుస్తాయి కాబోలు!

"ఒక్కనికి గూడ పెట్టకుండ్రి!" వంటింటి వైపు అరిచాడు లక్ష్మీరాజం.

లోపల వంట చేస్తున్న సత్తమ్మ పొయ్యి ఆర్పేసింది. "వాళ్లకు పెట్టకుంటె ఎవ్వలకూ పెట్టం సేటూ." మిగతా ముగ్గురు ఆడవాళ్లతో కలిసి వచ్చి మా పక్కనే కూర్చుంది.

పోలీసులొచ్చారు. రాయమల్లునూ దేవవ్వనూ జీపెక్కించారు.

"ఇంకెవరెవరున్నరు? పేర్లు చెప్పుండ్రి," ఎస్సై కాగితం తీసి గద్దించాడు. చెదిరిపోతామనుకున్నాడు. అందరం వరుస కట్టాం. అందరికంటే ముందు సత్తమ్మ నిలబడింది.

"నా పేరు రాసుకోండ్రి సారూ. గీ సేటు పెద్దపల్లి హోటల్ల వంట జేసేది నా చెల్లె రామవ్వ. గిప్పుడే ఫోన్ జేసిన. ఆడ గూడ పొయ్యి ఆరింది."