రంగు కింద వెండి

మా నాన్న కారుని తీసుకెళ్ళి మా గేటు స్తంభానికే గుద్దాడు. వేరే ఎవరి స్తంభమో అయితే నాలుగు మాటలతో పోయేది. సొంత గేటు కావడంతో అమ్మ ఊరుకోలేదు. కారు తాళం లాక్కుని పిండి డబ్బాలో పడేసి, "ఇవాళ్టితో సవతి పీడ విరగడైంది" అంది. ఆ కారుని అమ్మ సవతి అనే పిలుస్తుంది. అమ్మ కాపురానికి రాకముందే అది ఇంటికొచ్చింది. నాన్న దాన్ని తుడిచినంత శ్రద్ధగా చిన్నప్పుడు నా ముక్కు కూడా తుడిచి ఉండడు.

"లైట్లు వేసే ఉన్నాయి. అయినా స్తంభం కనపడలేదు," అన్నాడు నాన్న. "లోపల రిఫ్లెక్టర్లు మసకబారాయి. వెలుగు ముందుకి రావట్లేదు."

"మసకబారింది అవి కాదు, మీ కళ్ళు. రేపే కళ్ళ డాక్టరు దగ్గరికి పదండి."

డాక్టరు మాట ఎత్తగానే నాన్న మొహం పాలిపోయింది. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. మా పెదనాన్నకి చూపు ఇలాగే పోయింది. మొదట మునిమాపు వేళ మెట్లు కనపడలేదు. ఆ తర్వాత మనుషులు. చివరికి పగలూ రాత్రీ ఒకటే అయింది. నాన్నే ఆయన చెయ్యి పట్టుకుని ఏళ్ళ తరబడి తిప్పాడు. ఆ జబ్బు ఇప్పుడు ఆయన తమ్ముడి దాకా వచ్చిందేమోనన్న భయం అందరికీ ఉంది. పైకి మాత్రం ఎవరూ అనరు.

నాకు ఒళ్ళు మండింది. ఇద్దరూ చెరో మాట పట్టుకుని కూర్చుంటే తేలేదెలా? నేను మైక్రోస్కోపులు, పాత ప్రొజెక్టర్లు బాగుచేస్తాను. అద్దం మీద వేలు పెట్టినవాళ్ళని తిట్టుకోవడంతోనే నాకు సగం రోజు గడిచిపోతుంది. కారు లైటు విప్పి చూడడం నాకొక లెక్కా?

"ఆదివారం వచ్చి విప్పుతాను," అన్నాను.

"ఇప్పుడెందుకులే," అన్నాడు నాన్న. "విప్పితే రబ్బరు చిరుగుతుంది."

"చిరిగితే కొత్తది వేస్తాను."

"స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి. రావు."

రిఫ్లెక్టర్లు పాడయ్యాయని పొద్దస్తమానం చెప్పే మనిషి, వాటిని చూస్తానంటే ఇన్ని సాకులు వెతకడం నాకు అంతుపట్టలేదు.

ఆదివారం వెళ్ళేసరికి మేడ మెట్ల అంచులన్నిటికీ తెల్లగీత గీసి ఉంది. నాన్న జీవితమంతా దుకాణాలకి బోర్డులు రాసిన పెయింటరు. చేతికి కుంచె దొరికితే కుర్చీ కాళ్ళని కూడా వదలడు. ఈ గీతలెందుకంటే "అందానికి" అన్నాడు. గడ్డం మీద ఆ గాటేమిటంటే "బ్లేడు మొద్దుబారింది" అన్నాడు. నేను పానా పెట్టె తీసుకుని కింద షెడ్డులోకి నడిచాను.

స్క్రూ తుప్పూ పట్టలేదు, ఏమీ పట్టలేదు. చెప్పిన మాట విన్నట్టు వచ్చేసింది. పైన చుట్టూ ఉన్న రింగు తీసి, గాజు ఊడదీసి చూశాను. లోపల రిఫ్లెక్టరు లోతు గిన్నెలా, తెల్లగా, తళతళా మెరుస్తోంది. ఎక్కడా మచ్చ లేదు. లోపం ఇందులో లేదంటే ఇంకెక్కడుందో వేరే చెప్పాలా?

నాన్న నా వెనకే నిలబడ్డాడు. "చూశావుగా," అన్నాడు మెల్లగా.

ఊరికే చూసి వదిలేసే అలవాటు నాకు లేదు. గిన్నెని తలుపు వైపు వంచి ఏటవాలుగా చూశాను. సన్నటి కుంచె గీతలు. ప్రతి గీతా చివర్లో కాస్త ఎడమకి తిరిగింది. మా ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరికే ఉంది.

"నాన్నా, దీనికి రంగేశావా?"

నాన్న ఖాళీ పెయింటు డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. "రెండేళ్ళయింది. కాస్త నల్లబడితే వెండి రంగు రెండు పూతలేశాను. కొత్తవాటికన్నా బాగా వచ్చాయి. వాటికే రోగమూ లేదని నాకు ముందే తెలుసే. మీ అమ్మ నోరు మూయించడానికి వాటి మీదకి నెట్టాను." గడ్డం తడుముకుంటూ, "అన్నయ్యకీ ఇలాగే మొదలైంది," అన్నాడు. "కళ్ళు మూసుకుని గడ్డం గీసుకోవడం నేర్చుకుంటున్నాను. ముందే అలవాటైతే మీకు బరువు కాను కదా."

గడ్డం మీద గాటు, మెట్ల మీద గీతలు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఏడుపు వచ్చింది. ఏడుపు వస్తే నాకు వెంటనే కోపం కూడా వస్తుంది.

"చీకటి పడితే ఆనకపోవడం ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళు కావస్తోంది."

"రంగేసింది ఎప్పుడన్నావు?"

నాన్న వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"ఇందులో నీ మొహం కనపడుతోందా?" అని గిన్నెని ఆయన ముందు పెట్టాను. వంగి చూశాడు. మెరుపు తప్ప ఏమీ లేదు. "మెరిసినంత మాత్రాన అద్దమైపోతుందా? నీ రంగు వెలుగుని నలువైపులా చల్లేస్తోంది. ముందుకి పంపాల్సిన గిన్నె అది!"

"నా మనసు కుదుటపడాలని చెబుతున్నావు."

"నేనా? నీ మనసు కోసం నేనెప్పుడైనా అబద్ధమాడానా?"

అది మాత్రం ఒప్పుకున్నాడు. చివరికి బేరం కుదిరింది. ఒక్క లైటే బాగుచేస్తాను, రెండోదాన్ని అలాగే వదిలేస్తాను. పొద్దు గూకాక ఆయనే చూసి చెప్పాలి. తేడా తెలియకపోతే డాక్టరు దగ్గరికి నోరెత్తకుండా రావాలి.

థిన్నర్లో ముంచిన దూదికి రంగు బురదలా ఊడివచ్చింది. కింద ఇత్తడి మీద వెండి పూత, పాత కాలపు పని. బాగా నల్లబడింది గానీ అరిగిపోలేదు. అంచు దగ్గర మాత్రం గోరంత మేర ఇత్తడి తేలింది. నేను కొవ్వొత్తి వెలిగించి, పైన పింగాణీ సాసరు పట్టి మసి తీశాను. ఆ మసిలో నాలుగు చుక్కల స్పిరిట్ కలిపాను.

"నల్లబడిందని మసి పూస్తావా? ఇదెక్కడి తెలివే?" అన్నాడు నాన్న.

"దీనికన్నా మెత్తటి పొడి దొరకదు. గుండ్రంగా తిప్పకూడదు. నడిమి నుంచి అంచుకి, తిన్నగా."

రెండు నిమిషాలు చూసి ఇక ఆగలేక దూది నా చేతిలోంచి లాక్కున్నాడు. ఆయన చెయ్యి నా చేతికన్నా తేలిక. దుకాణం అద్దాల మీద బంగారు అక్షరాలు రాసిన చెయ్యి అది. నలుపు కదిలి, పసుపై, అది కూడా తొలగి, గిన్నె అడుగున ఒక మొహం తలకిందులుగా తేలింది.

"నా ముక్కు ఇంత పెద్దదా?" అన్నాడు.

వెలుతురు తగ్గాక లైటు బిగించి, తాళం కోసం అమ్మని కేకేశాను. అమ్మ చకచకా మెట్లు దిగి, గీత లేని షెడ్డు గడప దగ్గర కాలితో తడుముకుని లోపలికొచ్చింది. తాళానికి పిండి ఇంకా అంటుకునే ఉంది.

కారు మూతి సందు చివరి గోడ వైపు ఉంది. లైట్లు వేశాను. రంగున్న వైపు పల్చటి పొగలాంటి వెలుగు. రెండోవైపు నుంచి వెలుగు దూసుకుపోయి గోడకి తగిలింది. నాన్న కళ్ళు చిట్లించి, ఇంకా చిట్లించి,

"ఆ గోడ మీద ఎవడే రాసింది?" అన్నాడు చిరాగ్గా. "అక్షరాలు ఒకదాని మీదకొకటి ఎక్కుతున్నాయి. చివర్లో చోటు చాలక నలిపేశాడు వెధవ!"

నా ఒంట్లోంచి ఎంత బరువు దిగిందో చెప్పలేను. వెళ్ళి బాగుచేసిన లైటుకి గోనెపట్టా అడ్డం పెట్టాను. "ఇప్పుడు?"

"ఇప్పుడు గోడే లేదు."

పట్టా తీశాను. "ఇప్పుడు?"

"ఉంది," అన్నాడు. "ఉందే. ఇటుకలు కూడా లెక్కపెట్టొచ్చు." నవ్వాడు. నవ్వుతూనే మసి చేతులతో కళ్ళు తుడుచుకున్నాడు. మొహమంతా నల్లగా అయింది. నేనూ ఏడ్చాను. ఈసారి కోపం రాలేదు.

లైట్లు ఆర్పి, షెడ్డులో బల్బు వేసి, తాళం అమ్మకిచ్చి సామాను సర్దుతుంటే నాన్న థిన్నరు సీసా, పాత గుడ్డ పట్టుకుని మెట్ల వైపు హుషారుగా నడిచాడు. "ముందు ఈ గీతలు తుడిచేస్తాను. చూడ్డానికి దరిద్రంగా ఉన్నాయి."

"తుడవకండి," అంది అమ్మ.

"ఎందుకు?"

అమ్మ కొంగుతో తాళాన్ని తుడుస్తూ కూర్చుంది. తాళం మీద పిండి ఎప్పుడో పోయింది. "అవి గీశాకే నాకు మెట్లు ఆనుతున్నాయి," అంది.

నాన్న కనిపిస్తే చాలు డాక్టరు, డాక్టరు అని పోరుపెట్టింది అమ్మ. ఆ పోరంతా ఎవరి భయమో నాకు అప్పుడు తెలిసింది.

నాన్న సీసా కింద పెట్టి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. అమ్మ గడ్డం పట్టుకుని బల్బు వెలుగు వైపు తిప్పాడు. ఇందాక గిన్నెని చూసినట్టే, వంగి, దగ్గరగా, అమ్మ కళ్ళలోకి చూశాడు.

"పైన పొరేదో పట్టినట్టుంది. తీసేస్తారు," అన్నాడు. "కింద అంతా బాగానే ఉంటుంది. తాళం ఇటివ్వు. పొద్దున్నే నేనే తీసుకెళ్తాను."

అమ్మ ఇచ్చింది.