అర డిగ్రీ

పెట్టె తలుపు తీసి, ఊపిరి బిగబట్టి, గాజుగొట్టంలో పాదరసం ఎక్కడుందో చూసి, ఆ అంకెను రెండుసార్లు లోపల అనుకుని అప్పుడు పుస్తకంలో రాశాడు. వాతావరణ కేంద్రం ఆవరణలోని ఆ తెల్లటి చెక్కపెట్టె దగ్గర ఇరవై తొమ్మిదేళ్లుగా రోజుకు నాలుగుసార్లు అతని హాజరు. కూతురి పెళ్లిలోనూ మధ్యలో లేచొచ్చి చూసిపోయాడు. వీధిలో అతన్ని పాదరసం అంటారు. మనిషి మాత్రం కూర్చోబెడితే కూర్చున్నచోటే ఉండే రకం.

నెల క్రితం వచ్చిన పరిశోధకురాలు అదే పెట్టెలో చిన్న యంత్రం అమర్చింది. ఈ ఉదయం రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి అతన్ని పిలిచింది.

"మీ అంకె యంత్రం కంటే రోజూ అర డిగ్రీ ఎక్కువ. యంత్రాన్ని రెండుసార్లు పరీక్షించాను. మీరెలా చూస్తారో ఒకసారి చూపించండి."

చూపించాడు. నిలబడి, తల కాస్త వంచి.

"పైనుంచి చూస్తున్నారు. కన్ను పాదరసానికి సమానంగా ఉండాలి కదా?"

ఉండాలి. ఉద్యోగంలో చేరిన రోజు నేర్చుకున్న మొదటి పాఠం అదే. మనిషి పొడుగు, పెట్టె పొట్టి. మోకాలు నేలకు ఆనిస్తే తప్ప కుదరదు. మోకాళ్లు అరిగాక ఆనించడం మానేశాడు.

"ఇక్కడ ఎండ పెరిగిందని మీ అంకెలు చూసే చెప్పాం. నిజంగా పెరిగిందో, మీరు నిలబడటం వల్ల పెరిగినట్టు కనిపించిందో తేలాలి. ఏ ఏడాది నుంచి నిలబడుతున్నారో చెబితే అక్కణ్నుంచి అర డిగ్రీ తీసేస్తాను. తెలియకపోతే మొత్తం పక్కన పెట్టాల్సిందే. సాయంత్రంలోగా చెప్పండి."

మధ్యాహ్నం ఇంట్లో భార్య తేలిగ్గా తీసిపారేసింది.

"పన్నెండేళ్లని చెప్పేయండి. మీ మోకాల్లో దూరి చూసొస్తారా ఎవరైనా?"

"నొప్పి ఒక్కరోజున వచ్చిందా? తగ్గిన రోజు వంగేవాణ్ని. తగ్గని రోజు లేదు."

"అయితే ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరేనా?"

అతను కంచం ముందే ఏడ్చాడు. పెళ్లయ్యాక ఆమె అతని ఏడుపు చూడటం అదే మొదలు.

పన్నెండేళ్లు అనుకుంటూనే కేంద్రానికి తిరిగొచ్చాడు. పుస్తకాలన్నీ బల్ల మీద పేర్చి ఉన్నాయి. అన్నీ తన చేతిరాతే. వాటిలో ఏది నిజమో తనకే తెలియదు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు.

ఏదో ఒక ఏడాది చెబుతాడని పరిశోధకురాలు కూడా ఆశపడింది. "తప్పు మీ ఒక్కరిదే కాదు. ఇన్నేళ్లలో ఎవరైనా ఒక్కసారి వచ్చి చూడాల్సింది," అంటూ పై పుస్తకం అట్ట మీద 'పరిగణించరాదు' అని రాసింది.

"ఒక్కటన్నా ఉంచండమ్మా."

"ఏదని ఉంచను?"

సాయంత్రం ఆరుకు అతను మళ్లీ పెట్టె దగ్గరికి వెళ్లడం ఆమె కిటికీలోంచి చూసింది. తలుపు తీశాడు. మెల్లగా నేల మీదికి వంగాడు. చూస్తున్నాడనుకుంది. ఎంతకీ లేవకపోతే భయపడి పరుగెత్తింది.

పెట్టె కాలికి ఆనుకుని ఉన్నాడు. ఊపిరి లేదు. ఒళ్లో పుస్తకంలో ఆరు గంటల అంకె తడి ఆరకుండా ఉంది. ఆమె యంత్రం వైపు చూసింది. రెండూ ఒకటే. అతను రాసినవాటిలో ఆమె నమ్మగలిగింది ఆ ఒక్కటే.

అతన్ని తీసుకెళ్లాక కూడా నాలుగు మడతలు వేసి నేల మీద పరిచిన తువ్వాలు అక్కడే ఉంది, మధ్యలో మోకాలి గుంటతో.